రెగ్యులేటరు

మే నెల. కాన్వెంట్ జంక్షన్ దగ్గర తారు
చెప్పుల్ని పట్టుకుని వదలడం లేదు.
నా ముందు పోలారావు, వాడి భుజమ్మీద
జ్ఞానాపురం చర్చి గదిలోంచి ఎత్తుకుపోయిన సీలింగు ఫ్యాను.
దొంగసొత్తు దొంగ చేతే మోయించడం
మా స్టేషన్లో పాత అలవాటు.
నా చేతిలో లాఠీ, జేబులో రెండు వందలు.
ఆ రెండు వందల సంగతి తర్వాత చెబుతాను.

వాణ్ణి పట్టించింది నేను కాదు, బొగ్గు.
హార్బరు నుంచి గాలి మోసుకొచ్చే నల్లపొడి
ఈ పేటలో అన్నం మీద పడుతుంది,
ఆరేసిన పసిగుడ్డల మీద పడుతుంది,
ఫాదరు గారి ఫ్యాను రెక్కల మీదా పడింది.
పోలారావు తెల్ల బనీను మీద
మూడు రెక్కలూ అచ్చుగుద్దినట్టు దిగాయి.

వాడి రేకుల ఇంట్లో పదకొండు రోజుల పిల్ల,
ఒళ్ళంతా చెమట పొక్కులు.
ఫ్యాను అప్పటికే దూలానికి వేలాడి తిరుగుతోంది.
తీగలు పీకాను.
ఏడుపు నా వెనకాలే రైలు గేటు దాకా వచ్చింది.

ఇన్నాసి ఫాదరు అరుగు మీద
తడి తువ్వాలు నెత్తిన వేసుకుని
పెళ్ళిళ్ళ రిజిస్టరు రాసుకుంటున్నాడు.
చొక్కాకు రెండు గుండీలు లేవు.
"ఇది మీదేనా?"
అబద్ధమాడతాడేమో అని చూశాను,
దయగలవాళ్ళు అబద్ధాలాడి మా కేసులు పాడుచేస్తారు.
"నాదే. ఇతను అడగలేదు, నేనివ్వలేదు.
దొంగతనమే" అన్నాడు.

పోలారావు మోకాళ్ళు వణికాయి.

ఫాదరు లేచి లోపలికెళ్ళాడు.
చాలాసేపు స్క్రూడ్రైవరు చప్పుడు.
బయటికొస్తే అరచేతిలో
గోడ నుంచి ఊడదీసిన రెగ్యులేటరు,
గుండ్రటి పాత బొత్తాం, చుట్టూ అయిదు అంకెలు.
"ఇది వదిలేసి పోయావేం నాయనా?
ఇది లేకపోతే ఒకటే జోరు,
పసిదానికి జలుబు చేస్తుంది.
రెండు మీద పెట్టు. తెల్లారగట్ల ఒకటి."

నెత్తి మీది తువ్వాలు తీసి
రెక్కలు మూడూ తుడిచాడు, తాపీగా,
చంటిపిల్ల చెవుల వెనక తుడిచినట్టు.
తువ్వాలు నల్లబడింది.
దులిపి మళ్ళీ నెత్తినే వేసుకున్నాడు.

"మరి కేసు?" అన్నాను.
నా గొంతు నాకే చిన్నగా వినబడింది.
"దొంగతనం పొద్దున జరిగింది, ఇవ్వడం ఇప్పుడు జరిగింది.
రెండూ రాసుకో, మరిడయ్యా."
నా ఛాతీ మీది పేరు చదివిన చూపు
కాస్త కిందికి, జేబు దగ్గర, ఆగింది.
చూశాడో లేదో.
చూశాడనే ఇరవై ఏళ్ళుగా అనుకుంటున్నాను.

ఆ రెండు వందలు:
పోలారావు పెళ్ళాం, పచ్చి బాలింత,
చాప కిందనుంచి తీసి ఇచ్చింది, కొట్టొద్దని.
తీసుకున్నాను.
కొట్టాను కూడా.

తిరుగు దారిలో ఫ్యాను నేను మోశాను.
పీకిన తీగలు నేనే కలిపాను, ఓసారి షాక్ కొట్టింది.
డబ్బు మాత్రం ఆ రోజు ఇవ్వలేదు.
ఇవ్వాలంటే ముందు తీసుకున్నానని ఒప్పుకోవాలి,
దానికి శుక్రవారం దాకా పట్టింది.

పోలారావు మారాడా అంటారు.
మరుసటేడు పోర్టులో రాగితీగతో దొరికాడు.
ఆ ముసలాయన వాడికి విసిరింది
పక్కన నిలబడ్డ నాకు తగిలింది.
గురి తప్పిందని ఆయన అనుకుని ఉండడు.

ఆ వేసవంతా చర్చి గదిలో
దూలానికి ఒట్టి కొక్కెం,
గోడలో మూతలేని రెండు తీగలు.
ఉక్కపోస్తోందని ఎవరితోనూ అన్నట్టు వినలేదు.

ఇప్పటికీ నా చెయ్యి ఎవడి మీదైనా లేస్తే
బొటనవేలు కనపడని బొత్తాం వెతుక్కుంటుంది.
అయిదు, నాలుగు, మూడు...
ఒకటి దాకా ఎన్నడూ రాలేదు.
రెండు దగ్గర ఆగుతుంది.